మంత్రిగారు దారిలో ఉన్నారు

ఇకమీదట ఇల్లు కట్టడానికి మనిషితో పనిలేదని గృహనిర్మాణ శాఖ మంత్రిగారు, ఉదయం పదింటికి జరగవలసిన పత్రికా సమావేశంలో, సాయంత్రం ఆరింటికి ప్రకటించారు. ఇటుక పేర్చడానికి రోబో వస్తోంది. సిమెంటు కలపడానికి దాని తమ్ముడు వస్తున్నాడు. రంగులు వేసేది ఇప్పటికే ఓడ ఎక్కిందట. "మనిషి చేయవలసిన పని ఇక ఒక్కటే మిగిలింది. కట్టిన ఇంట్లో కాపురం ఉండటం. ఆ శ్రమ కూడా తగ్గించే మార్గాలు మా అధికారులు పరిశీలిస్తున్నారు" అని మంత్రిగారు చెప్పగా విలేకరులు శ్రద్ధగా రాసుకున్నారు.

అసలు తాపీ మేస్త్రీలూ కూలీలూ ఎందుకు దొరకడం లేదని ఒక విలేకరి అడిగాడు. చాలా మంచి ప్రశ్న అని మంత్రిగారు మెచ్చుకున్నారు. మంచి ప్రశ్నలకి తొందరపడి జవాబు చెప్పడం ఆయన పద్ధతి కాదు. దానికో కమిటీ వేశామని చెప్పి, అందర్నీ టీ తాగి వెళ్ళమన్నారు.

ఆ సమయంలో మంత్రిగారి కుర్చీ వెనక, ఫోటోలో ఒక చెవి మాత్రమే పడేంత దూరంలో నిలబడ్డ మనిషి ఆయన పీఏ. అతనికో పేరు ఉంది గాని అది జీతాల బిల్లులో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఊరంతా అతన్ని 'దారిలో ఉన్నారు' అనే పిలుస్తుంది. ఏ సభ జరిగినా ముందుగా వెళ్ళి మైకు పట్టుకుని, "మంత్రిగారు దారిలో ఉన్నారు, దయచేసి ఎవరూ కుర్చీల్లోంచి లేవకండి" అని మాటిమాటికీ చెప్పడం అతని ఉద్యోగంలో ముఖ్యభాగం. ఆ మాట చెప్పేవేళకి మంత్రిగారు స్నానం చేస్తూ ఉండవచ్చు, పేపరు తిరగేస్తూ ఉండవచ్చు, భోజనం చేసి ఓ కునుకు తీస్తూ ఉండవచ్చు. అది అబద్ధమని పీఏకి ఏనాడూ తోచలేదు. అంతటి పెద్దమనిషి బయల్దేరాలని మనసులో అనుకున్నాక దారిలో ఉన్నట్టే లెక్క.

మంత్రిగారు ప్రకటించిన రోబో సంగతి విని ఆ గదిలో నిజంగా సంతోషించిన మనిషి కూడా అతనొక్కడే. ఊరి చివర అతనికో ఇల్లు ఉంది. ఉందంటే, గోడలు కిటికీల ఎత్తుదాకా ఉన్నాయి. ఆ పైన ఆకాశం ఉంది. ఒకరోజు సాయంత్రం మేస్త్రీ చేతులు కడుక్కుని, రేపొస్తానండీ అని వెళ్ళాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. పోసిన ఇసుక మీద గడ్డి మొలిచింది. ఎవరిదో మేక రోజూ వచ్చి హాల్లో మేసి, పడగ్గదిలో పడుకుని పోతోంది.

ఈలోగా పీఏ, అతని ఇల్లాలు, ఇద్దరాడపిల్లలు, ఒక బావమరిది కలిసి రెండు గదుల అద్దె ఇంట్లో సర్దుకుంటున్నారు. పైవాటాలో ఉండే ఇంటావిడ మంచి మనిషి. ఆమె కొడుకు కొత్తగా కాపురం పెట్టుకుంటున్నాడు. వాడికి ఆ రెండు గదులూ కావాలి. వానలు మొదలయ్యేలోగా ఖాళీ చేస్తే మీ మేలు మర్చిపోనని చెప్పింది. ఆ మాట ఆమె రోజూ మెట్లమీద నిలబడి, నవ్వుతూ, మెత్తగా చెబుతుంది. కోప్పడితే పోట్లాడవచ్చు, నవ్వే మనిషిని ఏమంటాం? అద్దెకి మరో ఇల్లు దొరికే రోజులు కావవి. మేస్త్రీలే లేనప్పుడు ఇళ్ళెక్కణ్ణుంచి వస్తాయి?

"మీ ఇల్లు ఎంతవరకొచ్చింది బాబూ?" అని ఆమె అడిగినప్పుడల్లా, "దారిలో ఉందండీ" అని పీఏ చెప్పేవాడు.

అతను ప్రయత్నం చేయకపోలేదు. అతని దినచర్య చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. తెల్లవారుతూనే జనాల కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తాడు. ఈ కాంట్రాక్టరు రోడ్లు, వంతెనలు వేసే రకం కాదు. సభలకి జనాన్ని సరఫరా చేస్తాడు. ఫలానా చోట మంత్రిగారి సభ, ఇన్ని లారీలు కావాలి అని పీఏ చెబుతాడు. లారీలు నేరుగా కూలీలు పనికోసం నిలబడే కూడలికి వెళతాయి. ఇటుకలు మోస్తే ఎంత కూలీయో కుర్చీలో కూర్చున్నా అంతే. పైగా షామియానా నీడ, మధ్యాహ్నం భోజనం పొట్లం, మంత్రిగారు వచ్చాక చప్పట్లు కొట్టే తేలికపాటి వ్యాయామం. నెత్తిమీద తట్ట పెట్టుకున్న మనిషికి ఆలోచించుకోవడానికి అందులో ఏముంది? లారీ ఆగగానే మేస్త్రీలు ముందు, కూలీలు వెనక ఎక్కేస్తారు.

ఆ ఏర్పాటు పూర్తిచేసి, పళ్ళు తోముకుని, పీఏ తన ఇంటికి ఒక్క మేస్త్రీనైనా పట్టుకుందామని స్కూటరు మీద అదే కూడలికి వెళతాడు. అక్కడ టీ కొట్టు ముసలాయన తప్ప పిట్ట కూడా ఉండదు. ఈ దేశంలో కష్టపడి పనిచేసే అలవాటే పోయిందని పీఏ ఓ టీ తాగుతూ బాధపడి, అక్కణ్ణుంచి సభాస్థలికి వెళతాడు. అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. అది చూసి అతని మనసు కుదుటపడుతుంది. ఈ రెండు విషయాలూ అతని బుర్రలో రెండు వేరు వేరు ఫైళ్ళలో ఉండేవి. ఒక ఫైలు ఇంకో ఫైలుని ఎప్పుడూ కలుసుకోలేదు.

కమిటీ కూడా అదే కూడలికి వెళ్ళింది. అధికారులు కార్యాలయ వేళలు పాటించేవారు కనుక పదకొండు దాటాక వెళ్ళారు. కూలీలేరీ అని టీ కొట్టు ముసలాయన్ని విచారించారు. అందరూ పొద్దున్నే లారీలెక్కి పోయారని అతను చెప్పాడు. నిర్మాణ కార్మికులు సొంత ఊళ్ళో పనులు మానుకుని వాహనాల్లో తిరిగే స్థాయికి చేరారనీ, ఇది రవాణా రంగం సాధించిన ప్రగతికి నిదర్శనమనీ, అయితే ఇళ్ళు కట్టడానికి రోబోలు తప్పవనీ కమిటీ తేల్చింది. మంత్రిగారు ఆ నివేదికని ఒక భారీ సభలో విడుదల చేశారు. దానికి పది లారీలు కావలసి వచ్చాయి.

పీఏ ఒక ఆదివారం తెగించాడు. బావమరిదిని వెంటబెట్టుకుని, ఫోనులో వీడియో చూస్తూ, వంటగది గోడ తనే కట్టాడు. ఫోను పట్టుకోవడం బావమరిది వంతు. సాయంత్రానికి గోడ లేచింది. కాకపోతే ఎటు వాలాలో ఇంకా తేల్చుకోలేని గోడ అది. కింద తూర్పుగా బయల్దేరి, నడుం దగ్గర మనసు మార్చుకుని, పైకొచ్చేసరికి వీధి వైపు తొంగిచూస్తోంది.

"మొదటిసారికి ఇంతకన్నా ఎవరు కడతారు బావా" అన్నాడు బావమరిది.

ఇల్లాలు వచ్చి చూసింది. పిల్లల్ని ఆ గోడకి దూరంగా నిలబడమంది.

ఈ పరిస్థితుల్లో రోబో దిగింది. దాని మొదటి డెమోకి ఒక సగం కట్టి ఆగిపోయిన ఇల్లు కావాలన్నారు మంత్రిగారు. పేదవాడి ఇల్లయితే ఫోటో బాగుంటుంది గాని, పేదవాళ్ళ ఇళ్ళ దాకా రోబో బండి వెళ్ళే రోడ్డు లేదని అధికారులు చెప్పారు. అప్పుడు పీఏ గొంతు సవరించుకుని తన ఇంటి సంగతి విన్నవించుకున్నాడు. ఇంజనీర్లు వచ్చి చూసి, కూలీల కొరత వల్ల దెబ్బతిన్న ఇల్లు ఇంత అసలైనది మరొకటి దొరకదని ధ్రువీకరించారు. మేక కూడా ఫోటోలో పడింది.

ఆ రాత్రి అన్నాలు తింటూ పీఏ ఈ శుభవార్త చెప్పాడు.

"ఆ రోబో ఒక్కటే వస్తుందా, మనుషులు కూడా వస్తారా?" అని అడిగింది ఇల్లాలు.

"కట్టడానికి మనుషులెందుకే పిచ్చిదానా. చూడ్డానికి వస్తారు. ఆరు లారీలు చెప్పాను."

"ఎవరా వచ్చేది?"

"ఎవరో ఒకరు. జనం."

ఇల్లాలు పిల్లలకి మారు అన్నం వడ్డించింది. మంత్రిగారు ఎన్నింటికి వస్తారని అడిగింది. సరిగ్గా పదింటికని అతను చెప్పాడు. "అంటే సాయంత్రం" అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత ఒక సలహా చెప్పింది. వచ్చే జనమంతా చేతుల్లో తాపీలూ తట్టలూ పైకెత్తి రోబోకి స్వాగతం చెబితే చూడ్డానికి బాగుంటుంది కదా అంది. పీఏ ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో తన ఇల్లాలికి రాజకీయం ఇంత తెలుసని అతనికి తెలియదు. మర్నాడు ఆ సలహాని తన సలహాగా మంత్రిగారికి చెప్పాడు. మంత్రిగారు భుజం తట్టారు. ఎవరి పనిముట్టు వాళ్ళు తెచ్చుకోవాలని కాంట్రాక్టరుకి ఉత్తర్వులు వెళ్ళాయి. అదే రోజు ఇల్లాలు తమ్ముణ్ణి పంపి సిమెంటు బస్తాలు దింపించింది, డ్రమ్ముల నిండా నీళ్ళు పట్టించింది. రోబోకి దాహమేస్తుందేమోనని పీఏ అనుకున్నాడు.

సభ రోజున ఆ స్థలం గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఇంటికెదురుగా షామియానా వేశారు. కుర్చీలన్నీ ఇంటివైపు తిప్పారు. పక్కన ఎత్తైన చెక్కల వేదిక మీద రోబో నిలబడి ఉంది. ఒక పొడవాటి చెయ్యి, ఆ చేతికి ఎర్ర రిబ్బను. దాని పక్కన టై కట్టుకున్న కంపెనీ ఇంజనీరు. మధ్యలో ఒక బల్ల మీద పచ్చ బటన్. బటన్ మీద పట్టుగుడ్డ, పట్టుగుడ్డ పక్కన ఒక పోలీసు. మంత్రిగారు తప్ప మరొకరు ఆ బటన్ నొక్కడం ప్రోటోకాల్‌కి విరుద్ధం. యంత్రం ముందుగా కాస్త వేడెక్కాలి సార్ అని ఇంజనీరు వేడుకున్నాడు. మంత్రిగారు వచ్చాక అందరం కలిసే వేడెక్కుదామని పీఏ సర్దిచెప్పాడు.

ఆరు లారీల జనం దిగి, తాపీలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. పది అయింది. "మంత్రిగారు దారిలో ఉన్నారు" అన్నాడు పీఏ మైకులో. స్థానిక నాయకుడొకడు యంత్రయుగం గురించి మాట్లాడాడు. పదకొండున్నర అయింది. దారిలో ఉన్నారు. నాయకుడు మళ్ళీ మాట్లాడాడు. ఈసారి యంత్రయుగానికి ముందు ఏం జరిగిందో చెప్పాడు.

జనం మాత్రం నాయకుణ్ణి చూడటం లేదు. ఎదురుగా ఉన్న వంటగది గోడని చూస్తున్నారు. ముందు వరసంతా మెడలు ఒక పక్కకి వాల్చి కూర్చుంది. కాసేపటికి రెండో వరస కూడా వాలింది. చివరికి నెరిసిన మీసాల పెద్ద మేస్త్రీ ఒకాయన లేచి, మైకు దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఆ గోడ కట్టిందెవరండీ?"

"నేనే" అన్నాడు పీఏ, కాస్త గర్వంగానే.

మేస్త్రీ తల వంచి ఆలోచించాడు. "బాగుందండీ. తమరు అనుమతిస్తే దాన్ని కాస్త సరిచేస్తాం. తప్పుగా అనుకోవద్దు. పొద్దుట్నుంచీ దాన్నే చూస్తుంటే మా అందరికీ మెడలు పట్టేస్తున్నాయి."

కుదరదన్నాడు పీఏ. ఇది రోబో ప్రోగ్రామ్. మీరొచ్చింది చప్పట్లకి. ఎవరి పని వాళ్ళు చేస్తేనే దేశం బాగుపడుతుంది. ఇంతలో ఇల్లాలు వెనకనుంచి వచ్చి, "ఏమండీ, సరిగ్గా మంత్రిగారొచ్చిన వేళకి ఆ గోడ పడిందనుకోండి" అని, మిగతాది అతనికే వదిలేసింది. పీఏ ఆ గోడ వైపు మరోసారి చూశాడు. సరే, ఆ ఒక్క గోడ మాత్రమే, అదీ పావుగంటలో ముగించి ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చోవాలన్నాడు.

ముందు వరస లేచింది. గోడని విప్పారు. దారం కట్టారు. ఆడవాళ్ళు ఇటుకలు చేతులు మార్చుకుంటూ అందించారు. గోడ చక్కగా నిలబడేసరికి మెడలన్నీ తిన్నగా అయ్యాయి. కాని ఒక చిక్కొచ్చిపడింది. ఆ గోడ లేచాక పక్కగోడ పొట్టిగా కనిపించింది. పెళ్ళికొడుకు పక్కన పీట ఎక్కనివ్వని తోడిపెళ్ళికొడుకులా ఉందని ఎవరో అన్నారు. రెండో వరస లేచింది. పొద్దున్నించీ ఊరికే కూర్చుని నడుములు పట్టేసిన మనుషులు. నాయకుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మూడో వరస అతని ప్రసంగం వినలేక లేచిందని గిట్టనివాళ్ళు తర్వాత ప్రచారం చేశారు గాని, పక్కవాడు పనిచేస్తుంటే చూస్తూ కూర్చోవడం వాళ్ళకి చాతకాలేదు.

పీఏకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుర్చీలు వరసల్లో ఖాళీ అవుతున్నాయి. ఖాళీ కుర్చీ మంత్రిగారి కంటపడితే ఆ సాయంత్రమే తన ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాలి. "దయచేసి కూర్చోండి, మంత్రిగారు దారిలో ఉన్నారు" అని బతిమాలాడు. "వస్తారు లెండి, మాకు తెలీదా" అని పరంజా మీంచి ఎవరో ధైర్యం చెప్పారు. రోబో కంపెనీ ఇంజనీరు కాసేపు చూసి, టై విప్పి జేబులో పెట్టుకుని, నీళ్ళ బకెట్లు అందించడం మొదలుపెట్టాడు. రోబో ఒక్కటే ప్రోటోకాల్ పాటిస్తూ నిలబడింది.

మళ్ళీ మైకు పట్టుకున్నప్పుడు పీఏ మాట మధ్యలో ఆగిపోయాడు. ముందుగదికి కిటికీ బిగించారు. ఆ కిటికీకి అవతల అతని చిన్నకూతురు నిలబడి, ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తోంది. ఆ పిల్ల అలా నిలబడాలని అతను ఎన్ని రాత్రులు అనుకున్నాడో. సభలూ లారీలూ అన్నీ మర్చిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిమెంటు దుమ్మని పక్కవాళ్ళకి చెప్పాడు.

సాయంత్రం అయిదు దాటాక కాన్వాయ్ డ్రైవరు ఫోన్ చేశాడు. అయ్యగారు నిజంగానే బయల్దేరారని చెప్పాడు. పీఏ ఆ మాట మైకులో చెబితే ఎవరూ నమ్మలేదు. ఒట్టేసి చెప్పాల్సొచ్చింది. అప్పుడు జనం పరంజాలు దింపి, చేతులు కడిగినట్టు చేసి, పరుగున వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఇంజనీరు టై కట్టుకున్నాడు.

ఊరక రారు మహానుభావులు. దిగుతూనే మంత్రిగారి చూపు కుర్చీల మీద పడింది. అన్నీ నిండి ఉన్నాయి. తాపీలన్నీ గాల్లో ఉన్నాయి, వాటినుంచి తడి సిమెంటు కారుతోంది. అంత సహజంగా సభ ఏర్పాటు చేసినందుకు పీఏని మెచ్చుకున్నారు. తర్వాత ఇంటివైపు చూశారు. గోడలు నాలుగు వైపులా పైకప్పు ఎత్తుకి వచ్చి నిలబడ్డాయి. మంత్రిగారు గోడల్నీ, రిబ్బను కట్టిన రోబోనీ మార్చి మార్చి చూశారు.

"కిటికీల దాకానే ఉందన్నారే?"

"చిత్తం, పొద్దున అంతేనండి" అన్నాడు పీఏ.

ఇంజనీరు ముందుకొచ్చాడు. "సార్, ఇంకా బటన్ నొక్కలేదు సార్..."

మంత్రిగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. "నొక్కకముందే ఇంత కట్టిందంటే, నొక్కితే ఏమవుతుందో ఆలోచించారా? ఊరు ఆగుతుందా?" అన్నారు. పట్టుగుడ్డని తిరిగి బటన్ మీద ఆయనే స్వయంగా కప్పారు. ప్రజల భద్రత దృష్ట్యా తన హయాంలో ఏ రోబో బటన్నీ ఎవరూ నొక్కరాదని అక్కడికక్కడే ప్రకటించారు. ఆ తర్వాత కార్మికులవైపు తిరిగి, "మీరు పుట్టినప్పట్నుంచీ పడ్డ కష్టం ఇక చాలు. ఇవాళ చూశారుగా, కడుపులో చల్ల కదలకుండా నీడన కూర్చున్నారు, మీ కళ్ళముందే ఇల్లు లేచింది" అన్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్లకి లేచిన సిమెంటు దుమ్ములో మంత్రిగారు కాసేపు కనిపించలేదు.

మర్నాడు పేపర్లన్నిటా రోబో ఫోటో వచ్చింది.

ఇక మిగిలింది పైకప్పు. ఈసారి పీఏకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. బుర్రలో ఫైళ్ళు రెండూ ఎదురుపడ్డాయి. రోబో విజయోత్సవ సభ అదే స్థలంలో జరపాలని ఫైలు పెట్టాడు. దానికి ముందు సన్నాహక సభలు రెండు పెట్టాడు. వాటికి మంత్రిగారు అసలు రానేలేదు. చెక్కలు బిగించడం, ఇనుము కట్టడం వాటితో పూర్తయ్యాయి. విజయోత్సవం రోజున స్లాబు పోయాలి. స్లాబు పొద్దున్న మొదలుపెడితే సాయంత్రందాకా మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఆపితే అక్కడ అతుకు పడుతుంది, అతుకు పడ్డచోట వాన దిగుతుంది. మంత్రిగారు వచ్చారంటే జనమంతా కుర్చీల్లో ఉండాలి. ఆయన వెళ్ళారంటే లారీలూ ఆయన వెంటే తర్వాతి సభకి వెళ్ళిపోతాయి. అంచేత సాయంత్రందాకా ఆయన రాకూడదు. అందుకు పీఏకి ఏ బెంగా లేదు. ఉదయం పదింటికని ఆహ్వానపత్రికలు వేయించాడు.

ఈలోగా కబురు ఊరంతా పాకింది. సగంలో ఆగిన ఇళ్ళవాళ్ళు పీఏ ఇంటిముందు బారులు తీరారు. వాళ్ళెవరూ రోబో కావాలని అడగలేదు. మా ఇంటిముందు ఒక సభ మంజూరు చేయించమని అడిగారు. చివరికి ఇంటావిడ కూడా మెట్లు దిగి వచ్చింది. మేడమీద కొడుక్కి విడిగా ఓ గది వేసుకుంటే మిమ్మల్ని ఖాళీ చేయమనే అవసరమే ఉండదంది.

"ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు బాబూ. మంత్రిగార్ని ఒక్కసారి ఇటు రమ్మనకూడదూ? తొందరేం లేదు. ఆయన నెమ్మదిగానే రావచ్చు. ఎంతసేపైనా చూస్తాం" అంది.

సభకి ముందురోజు మంత్రిగారికి పీఏ ఈ విన్నపాలన్నీ చదివి వినిపించాడు. మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా ఎదురుచూస్తామని జనం అంటున్నారండి అని కూడా చేర్చాడు. మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇంత ప్రేమించే జనాన్నా నేను ఇన్నాళ్ళూ ఎదురుచూడబెట్టింది" అన్నారు. "ఇంక జరగదు. రేపు సరిగ్గా పదింటికి అక్కడుంటాను. నా మాటగా చెప్పు."

అంత దూరం ఎండలో తొందరపడి రావడం ఎందుకండి అన్నాడు పీఏ. మంత్రిగారు వినలేదు. పొద్దున్నే సభ అయితే తమ ఆరోగ్యానికి మంచిది కాదన్నాడు. నా ఆరోగ్యం ప్రజలదే అన్నారు మంత్రిగారు. ఆయన అన్నమాట మీద నిలబడటం పీఏ సర్వీసులో ఎన్నడూ చూడలేదు. సరిగ్గా తన స్లాబు రోజునే మొదలుపెట్టాలా ఈ మనిషి అని లోలోపల తిట్టుకున్నాడు. పైకి మాత్రం, "అంతకన్నా మహద్భాగ్యం ఏముందండి" అన్నాడు.

మర్నాడు తొమ్మిదికల్లా స్లాబు మొదలైంది. కింద కంకర కలుపుతున్నారు. తట్టలు చేతులు మారుతూ పైకి పోతున్నాయి. ఇల్లాలు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆకాశం వంక చూస్తోంది. దూరంగా మబ్బులు పట్టాయి. కాన్వాయ్ డ్రైవరు ఫోన్ చేశాడు. అయ్యగారు తయారై కారులో కూర్చున్నారని చెప్పాడు. అతని గొంతులో భయం ఉంది. ఇలాంటిది అతనూ ఎప్పుడూ చూడలేదు.

పీఏ షామియానా వెనక్కి వెళ్ళాడు. ఫోను చేత్తో మూసి, గొంతు తగ్గించాడు.

"నాయనా, నీకు పుణ్యముంటుంది. చెరువు రోడ్డు మీదుగా రా. వంతెన దగ్గర దారి తప్పు. అడిగితే మరమ్మతులని చెప్పు. సాయంత్రందాకా ఆయన్ని దారిలోనే ఉంచు."

అవతల డ్రైవరు కూడా గొంతు తగ్గించాడు.

"అలాగే సార్. మా ఇల్లు కూడా పునాదుల దగ్గరే ఆగిపోయింది సార్. తర్వాతి సభ మా వీధిలో పెట్టించాలి."

"పెట్టిస్తాను" అన్నాడు పీఏ.

తర్వాత తిన్నగా వెళ్ళి మైకు అందుకున్నాడు. ఎదురుగా కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. పైన స్లాబు మీద మనుషులు కిటకిటలాడుతున్నారు. పీఏ వాళ్ళకేసి తలెత్తి, మంత్రిగారు దారిలో ఉన్నారని ప్రకటించాడు. అన్నేళ్ళ సర్వీసులో పొద్దుటిపూట ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.